పానీ రాయించిన కాగితం

మా వీధి చివర కొత్తగా బేకరీ పెట్టారు. మొన్న పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తుంటే షట్టర్ సగమే ఎత్తి ఉంది, లోపల్నుంచి వాసన వచ్చింది. పొంగిన మైదా పిండి, పాలు, పైన పూసిన గుడ్డు సొన కాలుతున్న వాసన. రోజూ వచ్చేదే అయ్యుంటుంది. ఆ రోజు కాస్త చలిగా ఉండబట్టో ఏమో, కాళ్ళు ఆగిపోయాయి. నిలబడింది హైదరాబాద్ రోడ్డు మీదే గానీ, ముక్కు మాత్రం పోలండ్‌లో ఒక చిన్న ఊళ్ళో, వాగు పక్క వీధిలో ఉంది.

ఇంటికొచ్చి, అక్కడ నేను పనిచేసిన గెస్ట్‌హౌస్ నడిపిన పానీ కొడుక్కి మెసేజ్ పెట్టాను. మాట్లాడి ఎన్నేళ్ళయిందో. 'అమ్మ ఎలా ఉంది?' అని అడిగాను. సాయంత్రానికి జవాబొచ్చింది. అమ్మ పోయిన చలికాలంలో పోయింది, నిద్రలోనే, నీకు చెబుదామనుకుంటూనే ఉన్నాను అని రాశాడు. దాని కింద ఒక ఫొటో. 'నువ్వు రాసిన కాగితం. గదులన్నిట్లోనూ ఇంకా ఇదే పెడుతున్నాం.'

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి ఊరి గురించి చెప్పే కాగితం అది. ఒకే పేజీ. ఇంగ్లిష్ నాది, మాటలు పానీవి. ఫొటోలో ఒక మూల టీ కప్పు మచ్చ కూడా పడింది. ఆ మచ్చ నాకు తెలుసు. ఆ కప్పు పెట్టింది నేనే. పానీ ఆ మచ్చతో సహా జిరాక్సులు తీయించిందన్న మాట.

హైదరాబాదులో పానీ అంటే నీళ్ళు. పోలండ్‌లో పానీ అంటే అమ్మగారు, మేడమ్, ఆవిడ, అన్నీను. పేరు పెట్టి పిలిచేంత చనువు నాకెప్పుడూ రాలేదు. ఉన్నన్నాళ్ళూ ఆవిడ నాకు పానీయే.

* * *

నేను లుబ్లిన్‌లో మాస్టర్స్ చదువుతుండేవాణ్ణి. చదువు సంగతి అలా ఉంచండి, రూపాయిల్లో అప్పు చేసి జ్లోటీల్లో ఖర్చు పెట్టేవాడికి మొదట వచ్చే ఆలోచన ఉద్యోగమే. వేసవికి పని వెతుక్కుంటుంటే క్లాసులో ఒకమ్మాయి చెప్పింది. నది ఒడ్డున టూరిస్టుల ఊరొకటి ఉంది, అక్కడ ఒక ముసలావిడ గెస్ట్‌హౌస్ నడుపుతోంది, ఇంగ్లిష్ వచ్చినవాడు కావాలట అని. ఊరి పేరు కాగితం మీద రాసిచ్చింది. నేను దాన్ని 'కజిమియర్జ్' అని చదివాను. బస్సు డ్రైవర్‌కి అర్థం కాలేదు. కాగితం చూపిస్తే, 'ఓ, కజీమ్యెష్!' అన్నాడు. కజీమ్యెష్ దోల్నీ.

లుబ్లిన్ నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో నవెన్‌చూఫ్ అని నీటివైద్యానికి పేరుపడ్డ ఊరొకటి వస్తుంది. అది దాటాక దారి కిందికి దిగుతుంది. రెండు పక్కలా పండ్లతోటలు, మట్టి గోడల్లాంటి గట్లు. ఆ గట్ల మధ్య నుంచి బస్సు బయటపడేసరికి ఒక తెల్లటి చర్చి, దాని వెనక కూలిన కోట, ఇంకా పైన గుండ్రటి రాతి బురుజు. అవతల విస్వా నది. మనం విస్తులా అని భూగోళం పుస్తకంలో చదువుకున్నది దాన్నే.

ఊరి జనాభా రెండున్నర వేలు. మా పల్నాడులో అయితే మండల కేంద్రం కూడా కాదు. వేసవిలో శని, ఆదివారాలు మాత్రం ఇసుక వేస్తే రాలదు.

పానీ మెట్ల మీద నిలబడి ఉంది. ఏప్రన్, పొట్టి జుట్టు, చేతిలో తడిగుడ్డ. పేరడిగింది. కృష్ణ అన్నాను. రెండుసార్లు నోట్లో తిప్పి చూసుకుని, 'క్షీషు' అంది. వాళ్ళకి క్షిష్తోఫ్ అని పేరుంది, మన క్రిస్టఫరే. ముద్దుగా పిలిస్తే క్షీషు. అక్కడున్నంత కాలం నా పేరు అదే.

* * *

రెండో వారంలో మొదలైంది కాగితం గొడవ. వచ్చిన ప్రతివాళ్ళూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు, నాకు గొంతు పోతోంది, నువ్వు రాయి అంది పానీ. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తను చెర్రీ పండ్లలో గింజలు తీస్తూ చెబుతుంది, నేను రాయాలి. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నా పోలిష్ పసిపిల్లల పోలిష్. మధ్యలో ఒక డిక్షనరీ.

మొదటి వాక్యం ఏమిటో తెలుసా? 'మడమల చెప్పులు వేసుకుని ఈ ఊరికి రావద్దు.'

అలా ఎవరైనా మొదలుపెడతారా అన్నాను. స్వాగతం, నమస్కారం ఏదో ఒకటి ఉండాలి కదా. 'స్వాగతం నేను గుమ్మం దగ్గర చెబుతాను. కాలు విరిగితే నువ్వు మోస్తావా?' అంది. ఆ ఊరి నడిబొడ్డున రీనెక్ అని చదరం ఉంది, అంతా గుండ్రాళ్ళు పరిచి ఉంటుంది. పోలిష్‌లో ఆ రాళ్ళని పిల్లితలకాయలు అంటారు. శుక్రవారం సాయంత్రం వార్సా నుంచి వచ్చినవాళ్ళ చక్రాల సూట్‌కేసులు ఆ పిల్లితలకాయల మీద కడకడలాడుతూ వచ్చేవి. ఆ చప్పుడు విని, ఇంటికి ఎన్ని సూట్‌కేసులు వస్తున్నాయో, ఎన్ని దుప్పట్లు తీయాలో పానీ ముందే చెప్పేసేది. చదరం మధ్యలో చెక్క పెంకుల కప్పు వేసిన బావి. చుట్టూ బొమ్మలేసి అమ్మేవాళ్ళు. మేం టిఫిన్ బల్లలు సర్దే వేళకి వాళ్ళు ఈజిల్స్ నిలబెడుతుండేవారు.

బొమ్మలవాళ్ళ సంగతి కాగితంలో పానీ పొడుగ్గా రాయించింది. 1920లలో తదేవుష్ ప్రుష్కోవ్‌స్కీ అనే చిత్రకారుడు, వార్సాలో లలితకళల పంతులు, వేసవి రాగానే శిష్యుల్ని వెంటేసుకుని ఇక్కడికి వచ్చేవాడు. అప్పట్నుంచీ ఇది బొమ్మలవాళ్ళ ఊరైంది. పానీ వాళ్ళమ్మ కూడా గదులు అద్దెకిచ్చేదట. అద్దె కట్టలేనివాడు ఒకడు బొమ్మ ఇచ్చి వెళ్ళాడు. మెట్ల గోడకి వంకరగా వేలాడుతుండేది, నది, మూడు పడవలు. 'అద్దె బాకీ' అనేది పానీ దాన్ని. ఎవరైనా కొంటామంటే, 'వడ్డీ కూడా ఇస్తారా?' అని అడిగేది.

* * *

ఊరి చరిత్ర నాలుగు వాక్యాల్లో తేల్చేయమంది. నాకు తేలలేదు.

అంతా ధాన్యం వల్లే. 16, 17 శతాబ్దాల్లో ఈ చుట్టుపక్కల పండిన గోధుమా రై గింజా అంతా ఇక్కడి గాదెల్లో పోసి, విస్వా మీద పడవల్లో గ్దాన్స్క్ రేవుకి తోలేవారు. అక్కణ్ణుంచి ఓడల్లో పడమటి దేశాలకి. ఆ గాదెలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. మన గాదెల్లా వెదురు దడులు కావు, రెండంతస్తుల తెల్లరాతి మేడలు. ఒకదాంట్లో ప్రకృతి మ్యూజియం పెట్టారు, ఒకదాంట్లో కుర్రాళ్ళ హాస్టల్ ఉంది.

తర్వాత 1656లో స్వీడన్ సైన్యం వచ్చి ఊరిని తగలబెట్టింది. 1772లో పొరుగు రాజ్యాలు పోలండ్‌ని పంచుకోవడం మొదలుపెట్టాక నది కింది భాగం ప్రష్యా చేతికి పోయి, సరుకు మీద సుంకాలు పడ్డాయి. చాలనట్టు నది కూడా ఊరికి దూరం జరిగింది. ఇక వ్యాపారం లేదు. 'మంచిదే అయింది,' అనేది పానీ. 'మా తాతల దగ్గర డబ్బుంటే ఇవన్నీ పడగొట్టి కొత్తవి కట్టేవాళ్ళు. మమ్మల్ని చూడ్డానికి ఎవరొస్తారు అప్పుడు?' ఆ మాట కాగితంలో పెట్టాను. ఇప్పటికీ అందులో నాకు నచ్చిన వాక్యం అదే. ఇరవయ్యో శతాబ్దంలో రెండు యుద్ధాలూ ఊరిని మళ్ళీ పాడు చేశాయి. రెండుసార్లూ కారోల్ షిచిన్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ దగ్గరుండి పాత రూపానికి తెచ్చాడు.

పేరు గురించి మాత్రం ఇద్దరికీ పోట్లాట. 14వ శతాబ్దపు రాజు కజీమ్యెష్ ద గ్రేట్ పేరే ఊరికి పెట్టారని అందరూ అనుకుంటారు. ఆయన ఎస్తెర్కా అనే యూదు పిల్లని ప్రేమించి పక్క ఊళ్ళో కోట కట్టించాడని, అక్కడికి ఇక్కణ్ణుంచి సొరంగం ఉందని కథ. నేను లైబ్రరీలో చదివి వచ్చి, కాదు పానీ, అంతకు ముందు 12వ శతాబ్దంలో ఇంకో కజీమ్యెష్ ఈ స్థలాన్ని సన్యాసినులకి ఇచ్చాడు, వాళ్ళు పెట్టిన పేరిది, అంతకు ముందు దీన్ని గాలికొండ అనేవారు, దోల్నీ అంటే దిగువ, క్రాకూఫ్ పక్కన ఇంకో కజీమ్యెష్ ఉంది కాబట్టి నది దిగువన ఉన్న దీనికి ఆ తోక తగిలించారు, అని పాఠం చెప్పాను. పానీ చెర్రీ గింజలు తీయడం ఆపలేదు. 'సన్యాసినుల గురించి వినడానికి ఎవరూ డబ్బిచ్చి గది తీసుకోరు. ఎస్తెర్కానే రాయి.' రాశాను. సన్యాసినుల్ని బ్రాకెట్లో పెట్టాను. ఆవిడకి ఇంగ్లిష్ రాకపోవడం నాకు కలిసొచ్చింది.

* * *

చదరానికి ఒక వైపు పక్కపక్కనే అతుక్కుని రెండు మేడలున్నాయి. 1615లో ప్షిబివా అన్నదమ్ములు కట్టించారు, ధాన్యం వ్యాపారులు. ఒకడు మికోవయ్, ఇంకొకడు క్షిష్తోఫ్. ఎవరి పేరుగల సాధువుని వాళ్ళు ఇంటి ముందు గోడ మీద నిలువెత్తున చెక్కించుకున్నారు. గోడ అంటే గోడ కాదు, మన గుళ్ళ గోపురంలా ఖాళీ లేకుండా బొమ్మలే.

వచ్చిన కొత్తలో పానీ నన్ను అక్కడికి తీసుకెళ్ళి, 'అడుగో, నీ పేరువాడు' అని చూపించింది. పెద్ద మనిషి, చేతిలో మానంత కర్ర, నదిలో నడుస్తున్నాడు, భుజం మీద పసిబిడ్డ. పిల్లాణ్ణి ఏరు దాటిస్తున్నాడు, ఆ పిల్లాడు దేవుడని తర్వాత తెలుస్తుంది అని చెప్పింది.

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆవిడకి అర్థం కాలేదు. మా కథలో కూడా ఒకాయన రాత్రివేళ పసిబిడ్డని బుట్టలో పెట్టుకుని నది దాటతాడు, ఆ బిడ్డ పేరే నా పేరు అని వచ్చీరాని పోలిష్‌లో చెప్పాను. పానీ కాసేపు గోడ వైపు చూసి, నా వైపు చూసి, 'అయితే నువ్వు మోసేవాడివి కాదన్న మాట, మోయించుకునేవాడివి' అంది. ఆ సాయంత్రం నుంచి వచ్చిన అతిథుల సూట్‌కేసులు పై అంతస్తుకి నా చేతే మోయించింది. 'క్షీషు మోస్తాడు, పేరే అది.'

* * *

పొద్దున్న ఆరింటికి నా మొదటి పని కోడిపుంజులు తేవడం.

కంగారు పడకండి. రొట్టెలు. ఆ ఊరి గుర్తే అది, కోగుత్, కోడిపుంజు ఆకారంలో కాల్చిన రొట్టె. తోక, తురాయి, ముక్కు అన్నీ ఉంటాయి. పైన గుడ్డు సొన పూయడంతో గోధుమ రంగులో నిగనిగలాడుతుంది. గ్రోదాష్ అని ఊళ్ళోంచి పారే వాగు ఉంది, దాని పక్క వీధిలో బేకరీ. ఆ వేళకి రీనెక్‌లో పావురాలు తప్ప ఎవరూ ఉండరు. నా బూట్ల చప్పుడు నాకే వినిపించేది. వాగు వంతెన దగ్గరికి రాగానే వాసన ఎదురొచ్చేది. పెద్ద వెదురు బుట్టలో పన్నెండు పుంజులు, మీద గుడ్డ కప్పి, వేడివేడిగా పొట్టకి ఆనించుకుని తెచ్చేవాణ్ణి. ఆగస్టులో కూడా తెల్లారుజామున అక్కడ చలే, ఆ వేడి హాయిగా ఉండేది.

కథ ఏమిటంటే, పూర్వం ఒక దెయ్యం ఈ కొండల్లో చేరి కోడిపుంజుల రుచి మరిగిందట. ఊళ్ళో పుంజులన్నీ అయిపోయాయి. చివరికి ఒక ముసలి పుంజు తప్పించుకుని దాక్కుంది. దెయ్యం దాన్ని వెతుక్కుంటూ పోయిన సమయంలో మఠంలో సన్యాసులు దెయ్యం ఇంటి నిండా పవిత్రజలం చల్లారు. తిరిగొచ్చి, ఉండలేక పారిపోయింది. ఆ పుంజు పేరు చెప్పుకుని ఇప్పటికీ రొట్టెలు కాలుస్తున్నారు.

పల్నాటివాడికి కోడిపుంజు కథ చెబితే ఊరుకుంటాడా? మా ఊళ్ళో బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ కోడిపందెం జరిగిందని, అందులో ఓడి మాచెర్లవాళ్ళు రాజ్యం వదిలి వెళ్ళారని, చివరికి కారంపూడిలో యుద్ధమే అయిందని మొత్తం చెప్పాను. గంట పట్టింది. పానీ శ్రద్ధగా విని, 'కోళ్ళ కోసం అంత పని చేశారా? మా దెయ్యమే నయం' అంది.

కాగితంలో ఈ రొట్టె గురించి ఒకటే హెచ్చరిక: 'కొన్నరోజే తినండి. మర్నాడు గోడకి మేకు కొట్టుకోవచ్చు.'

* * *

జూన్ నెలాఖరులో ఊరి చప్పుడే మారిపోయేది. 1967 నుంచి ఏటా అక్కడ జానపద గాయకుల పండగ జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి పల్లెటూరి బృందాలు వస్తాయి. ఫిడేళ్ళు, డప్పులు, అకార్డియన్లు. మా గెస్ట్‌హౌస్‌లో ఆ మూడు రోజులూ ముసలమ్మలే. పూల రుమాళ్ళు, పూసల దండలు, ఎర్ర గళ్ళ పరికిణీలు. బాత్రూమ్ ముందు వరసలో నిలబడి కూడా పాడేవాళ్ళు. మైకు ముందు పాడినదానికన్నా అదే బాగుండేది. ఒకావిడ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు, గొంతు చించుకుని, నిటారుగా, మెరుగులేమీ లేకుండా. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, ఊడ్పుల్లో మా నాయనమ్మ గొంతు ఇలాగే ఉండేది కదా అనిపించింది. పొలం దాటి వినపడాలని పాడే గొంతు అది.

అందులో ఒకామె నా చెయ్యి పట్టుకుని చూసి, 'ఎండలో పనిచేసి వచ్చావా నాయనా' అంది. కాదు, పుట్టుకే ఇంత అని పానీ చెప్పింది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

* * *

బల్లకట్టు గురించి కాగితంలో రెండే మాటలు. 'నీళ్ళుంటే నడుస్తుంది.'

నదికి అవతల యానోవ్యెత్స్ అనే ఊళ్ళో ఇంకో పెద్ద కోట ఉంది. కమ్యూనిస్టు రోజుల్లో కూడా చాలాకాలం ఒక సొంతదారు చేతిలోనే ఉండి, 1975లో మ్యూజియం కొనుక్కున్న కోట అది. అక్కడికి వెళ్ళాలంటే బల్లకట్టు ఎక్కాలి. కార్లు, సైకిళ్ళు, కుక్కలు, పిల్లలు అందరూ ఒకే బల్ల మీద. మాదిపాడు దగ్గర కృష్ణ దాటడానికి బల్లకట్టు ఎక్కి పెరిగినవాణ్ణి, నాకు అందులో వింతేమీ లేదు. కానీ విస్వా మన కృష్ణలా కాదు. ఆనకట్టలు తక్కువ, మధ్యలో ఇసుక తిన్నెలు తేలి, తనిష్టం వచ్చినట్టు పారే నది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే బల్లకట్టు ఆగిపోయేది. అప్పుడు అతిథులు వచ్చి పానీ మీద విసుక్కునేవాళ్ళు, నది ఆవిడదే అయినట్టు.

'గోష్చ్ వ్ దోమ్, బూగ్ వ్ దోమ్' అని వాళ్ళ సామెత. ఇంటికి అతిథి వస్తే దేవుడు వచ్చినట్టే. మాకూ సరిగ్గా అదే మాట ఉంది, సంస్కృతంలో, అన్నాను. 'మీ దేవుళ్ళు కూడా తడి తువ్వాళ్ళు పరుపు మీద పడేస్తారా?' అంది పానీ.

మట్టి లోయల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఊరి చుట్టూ ఉన్నది ఎప్పుడో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి మన్ను. వాననీళ్ళు దాన్ని కోసి కోసి లోతైన సందులు చేశాయి. కొజెన్యోవీ దూ అనే సందులో రెండు పక్కలా చెట్ల వేళ్ళు గోడల్లోంచి బయటికి వేలాడుతుంటాయి, మర్రి ఊడల్లా. అందరూ అక్కడ ఫొటోలు దిగేవారు. పానీ రాయించినది: 'వాన పడిన రోజు వెళ్ళొద్దు. వెళ్తే బూట్లు బయటే విడవాలి.' బూట్లు బయట విడిచే దేశం నుంచి వచ్చినవాడిగా ఆ వాక్యం కింద నేను గీత కూడా గీశాను.

* * *

ఒక సెప్టెంబరులో పెద్దావిడ ఒకరు మనవడితో వచ్చారు. అమెరికా నుంచి. సన్నగా, చేతికర్రతో. టిఫిన్ దగ్గర నా కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు, వెనక్కి తిప్పి చూశారు, వెనక ఖాళీ. నన్ను పిలిచి, శ్మశానానికి ఎలా వెళ్ళాలి అని అడిగారు. చర్చి పక్కన దారి చూపించాను. అది కాదు బాబూ, యూదులది అన్నారు.

నాకు తెలియలేదు. ఆ ఊళ్ళో రెండు వేసవులు పనిచేసి, ఊరి గురించి కాగితం కూడా రాసి, తెలియలేదు. చిన్న రీనెక్ పక్కన ఉన్న పాత సినిమా హాలు ఒకప్పుడు యూదుల ప్రార్థనామందిరం అని మాత్రం ఎక్కడో విన్నాను. 18వ శతాబ్దపు కట్టడం, యుద్ధంలో నాశనమైతే 1953లో తిరిగి కట్టి అందులో సినిమాలు ఆడించారు.

వంటింట్లోకి వెళ్ళి పానీని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. గిన్నె కడగడం పూర్తి చేసింది, ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది, జోళ్ళు వేసుకుని, 'నేను తీసుకెళ్తాను' అంది.

లుబ్లిన్ వైపు దారిలో కాదు, వాగు పక్క నుంచి పైకి, చెర్నియావీ అనే చోటికి. మామూలుగా ఇరవై నిమిషాల నడక, ఆ పెద్దావిడతో ముప్పావు గంట పట్టింది. దారిలో ఎవరూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవడానికి మధ్యలో నేనొక్కణ్ణే తెలుగువాణ్ణి.

అడవి అంచున ఒక పెద్ద గోడ. దగ్గరికి వెళ్తే గోడ కాదు, సమాధి రాళ్ళు. విరిగిన రాళ్ళు, వందల కొద్దీ, ఒకదాని పక్కన ఒకటి పేర్చారు. వాటి మీద హీబ్రూ అక్షరాలు, కొవ్వొత్తులు, పక్షులు, జోడించినట్టున్న చేతులు. గోడ మధ్యలో పైనుంచి కింది దాకా బీట వారి ఉంది. కట్టినప్పుడే అలా చీల్చి కట్టారు. 1984లో తదేవుష్ అవుగుస్తినెక్ అనే ఆర్కిటెక్ట్ రూపం ఇచ్చాడు.

యుద్ధానికి ముందు ఊళ్ళో సగం మంది యూదులు. వాళ్ళు ఈ ఊరిని కుజ్మీర్ అనేవాళ్ళు. జర్మన్లు వచ్చి, వాళ్ళ శ్మశానంలో రాళ్ళు పెరికి, సన్యాసుల మఠంలో పెట్టిన గెస్టాపో (నాజీల రహస్య పోలీసు) ఆఫీసు ఆవరణలో నేల మీద పరిచారు. ఊళ్ళో యూదుల్ని 1942 వసంతంలో తరలించారు, బెవ్‌జెత్స్ మరణశిబిరానికి. యుద్ధం తర్వాత చాన్నాళ్ళకి ఆ రాళ్ళు తెచ్చి ఈ గోడ కట్టారు.

పానీ నాకు మెల్లగా చెప్పింది, అనువాదం చెయ్యమని అనలేదు, చేసెయ్యి అన్నట్టు చూసింది: 'యుద్ధం అయ్యాక నేను చిన్నపిల్లని. ఆ రాళ్ళ మీద నడిచాను. అక్షరాలు కనిపించేవి. ఏమిటవి అని అడిగితే అమ్మ చెప్పలేదు.' నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. పెద్దావిడ విన్నారు. ఏమీ అనలేదు. వంగి ఒక గులకరాయి తీసి గోడ అంచు మీద పెట్టారు. ఇంకోటి తీసి పానీ చేతిలో పెట్టారు. పానీ కూడా పెట్టింది.

ఆ రాత్రి పనయ్యాక పానీ కాగితం తెమ్మంది. ఇంకో వాక్యం రాయించింది. పేజీలో చోటు లేకపోతే చివర చిన్న అక్షరాల్లో ఇరికించాను. 'చెర్నియావీ, ఇరవై నిమిషాల నడక. తీరిక ఉన్న రోజు వెళ్ళండి.' టీ మచ్చ పడింది అప్పుడే.

* * *

చలికాలంలో ఒక్కసారే వెళ్ళాను, పండగ సెలవులకి. ఊరు గుర్తు పట్టలేదు. బొమ్మలవాళ్ళు లేరు, బల్లకట్టు ఒడ్డుకి లాగేశారు, మూడు శిలువల కొండ మీదికి దారి మంచుతో మూసుకుపోయింది. చిమ్నీల్లోంచి బొగ్గు పొగ. సాయంత్రం నాలుగింటికే చీకటి. పానీ ఒక్కతే వంటింట్లో కూర్చుని పియెరోగీలు చేస్తోంది. ఉడకబెట్టిన కజ్జికాయలు అనుకోండి, లోపల బంగాళాదుంప, జున్ను. నాకూ ఒక గిన్నె ఇచ్చి అంచులు నొక్కమంది. కజ్జికాయ అంచు మా అమ్మ మడతపెట్టినట్టు జడలాగా మడిచాను. పానీ దాన్ని పైకెత్తి దీపం వెలుగులో చూసింది. అవి వేరే గిన్నెలో ఉడికించి తనే తిన్నది.

* * *

చదువు అయిపోయి తిరిగొచ్చేస్తుంటే బస్టాండ్ దాకా వచ్చింది. వార్తాపత్రికలో చుట్టి ఒక కోడిపుంజు ఇచ్చింది. పెద్దది, రెండు చేతులంత. 'అమ్మకి' అంది. మర్నాటికి రాయైపోతుందని కాగితంలో తనే రాయించింది కదా అన్నాను. 'తినమని ఎవరన్నారు?' అంది.

మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరు. సూట్‌కేసులోంచి కోడిపుంజు బయటికి తీస్తే అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పిండే అమ్మా, మైదా, పాలు అన్నాను. పిండైతే మాత్రం ఆ ఆకారమేమిట్రా అని వంటింట్లో పెట్టనివ్వలేదు. హాల్లో షోకేసులో, నా స్కూలు కప్పుల పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ 'మావాడు పనిచేసిన ఊరిది' అని చూపించేది. పైన పూసింది గుడ్డు సొన అని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. వానాకాలంలో చీమలు పట్టేదాకా ఉంది.

ఊరికే తీసుకుంటామా, మనమూ ఏదైనా పంపాలి అని అమ్మ ఆ సంక్రాంతికి అరిసెలు చేసింది. వార్సా వెళ్తున్న స్నేహితుడి చేతికి ఒక డబ్బా ఇచ్చి పంపాను. అతను పానీ కొడుక్కి అందించాడు. రెండు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది, వంకర అక్షరాల్లో, పోలిష్‌లో. అరిసెలు టిఫిన్ బల్ల మీద పెట్టిందట. ఎవరో జర్మన్ దంపతులు నాలుగు తిని ఎలా చేస్తారని అడిగారట. 'క్షీషు, మీ అమ్మని అడిగి రాయి. కాగితంలో పెడదాం.'

అమ్మని అడిగాను. తడి పిండి సంగతి, నువ్వుల సంగతి, నెయ్యి సంగతి అన్నీ చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యం పాకం రా, ఉండపాకం రావాలి, ముదిరితే రాయి, లేతదైతే నూనెలో విచ్చిపోతుంది, ఆ సంగతి సరిగ్గా రాయి అంది. డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. మిగతా అంతా పోలిష్‌లోకి వచ్చింది. ఉండపాకం రాలేదు. ఎవరినైనా అడిగి రాద్దామని ఆ ఉత్తరం పక్కన పెట్టాను.